అంతరిక్ష నౌకకు ఎర్ర అడుగు

కళ్ళజోడు మార్పించుకుందామని మొన్న ద్వారకా నగర్ వెళ్ళి, అద్దాలు తయారయ్యేలోగా కాలక్షేపానికి పక్కనున్న బొమ్మల దుకాణంలోకి దూరితే, పై అరలో అంతరిక్ష నౌక బొమ్మ వేసిన అట్టపెట్టె కనబడింది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి నౌక తయారుచేసుకునే రకం. అరవై దాటిన ఆడదాన్ని, దాని ముందు అలా నిలబడిపోయానంటే నవ్వకండి. మా కాలంలో అలాంటి పెట్టె ఇంట్లో ఉండడమంటే ఎంత గొప్పో మీకు వేరే చెప్పాలా.

నాకది మా మేనమామ తెచ్చాడు. ఆయన సరుకు ఓడల మీద పనిచేసేవాడు, ఏ దేశపు రేవులో కొన్నాడో గాని, లోపలి కాగితం మీద ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. గోపాలపట్నంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, బొమ్మలు చూసుకుంటూ, నాన్న గెడ్డం గీసుకునే బ్లేడుతో ముక్కలు కోసి, గరుకు కాగితంతో అంచులు రుద్ది, దసరా సెలవులన్నీ దానికే ధారపోశాను. సెలవులయ్యాక బడిలో సైన్సు ప్రదర్శన. పెట్టె మీద ఉన్నట్టే తెల్లగా, మచ్చ లేకుండా నా నౌకను బల్ల మీద పెట్టాలి, అదొక్కటే నా ధ్యాస.

మా నాన్న ఓడలకు రంగులు వేసే మేస్త్రి. ప్రదర్శనకు రెండు రోజుల ముందు నేను బడి నుంచి వచ్చేసరికి, నా నౌకకు కింది సగమంతా ఎర్రరంగు పూసి, ఓడ ఎంత లోతు మునిగిందో చూపే అంకెలు కూడా పక్కన సన్నగా దిద్ది, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ఓడన్నాక అడుగున ఎరుపెయ్యకపోతే నాచు పట్టెత్తాది కదమ్మా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది నీళ్ళ మీద ఓడేటి? నీకేటి తెలుసు నాన్నా!" అని వీధంతా వినబడేలా అరిచాను.

మర్నాడు పొద్దున్నే ఆయన థిన్నర్ డబ్బా, గుడ్డపేలిక తెచ్చుకుని ఆ ఎరుపు తుడవడం మొదలుపెట్టాడు. ఇనుము మీద ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. ప్లాస్టిక్‌ను థిన్నర్ ఏం చేస్తుందో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. రంగుతో పాటే నౌక అడుగు జిగురై, ఒక రెక్క వంగి, గుడ్డకు అంటుకుని ఊడి వచ్చేసింది. "ఇనుము మీదైతే రంగొక్కటే పోద్దమ్మా..." అని గొణిగాడు గాని, నా వంక చూడలేకపోయాడు. ప్రదర్శనకు ఖాళీ చేతులతో వెళ్ళాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నా ఏ పనిలోనూ ఆయన వేలు పెట్టలేదు. కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలని అడిగినా, వచ్చిన సంబంధం ఎలా ఉందో చెప్పమన్నా, ఒకటే జవాబు: "నాకేటి తెలుసమ్మా, నువ్వే సూసుకో." కూతురికి ఎంత స్వేచ్ఛ ఇచ్చాడోనని చుట్టాలందరూ మెచ్చుకుంటుంటే నేను తల వంచుకునేదాన్ని. క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా మనవరాలూ ఇలాంటి బొమ్మలు అతికిస్తుంది. ఏ రంగు దేనిమీద నిలుస్తుందో, ఏది దేన్ని కరిగిస్తుందో ముందే ఫోన్లో చూసుకుంటుంది, ఏదీ పాడవదు, ఇంట్లో ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు. పక్కన కూర్చుని చూస్తుంటే ఒక్కోసారి దాని చేతిలో బ్రష్షు లాక్కుని అడుగంతా ఎర్రగా పూసేయాలనిపిస్తుంది. నీకేం తెలుసు అమ్మమ్మా అని అది అరిస్తే, నాకు తెలుసే, నేను చెప్పినట్టు విను అని గట్టిగా కసరాలనిపిస్తుంది. మా నాన్న ఒక్కసారి నన్నలా కసిరి ఉంటే ఎంత బాగుండేది.