మా ఆయన చూపించిన చోటు

మా ఆయన ఫిల్బర్ట్ అడిగితే ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చే రకం. కానీ ఎర్ర చేపలు ఎక్కడ పడతాయో మాత్రం కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు మహానుభావుడు! పడవ దక్షిణానికి తోలి, ఎవరూ కనబడనంత దూరం పోయాక తూర్పుకు తిప్పేవాడు. ట్రినిడాడ్‌లో మా తీరాన గాలం వేసేవాళ్లందరికీ ఇదే జబ్బు.

ఆమధ్య సర్కారు వాళ్లు సముద్రాన్ని గళ్లుగా కోసి చమురు కంపెనీలకు లీజుకిస్తామంటూ వచ్చారు. ఊరి హాల్లో గోడకు పెద్ద మ్యాపు తగిలించి, "మీరు వేట చేసే చోట్లు చూపించండి, అవి లీజులోంచి తీసేస్తాం" అంది ఆఫీసరమ్మ.

పక్కవాడు చూస్తుండగా మనవాళ్లు చూపిస్తారా? ఒక్కొక్కడూ వెళ్లి ఒడ్డు దగ్గర బురదలో వేలు పెట్టి వచ్చాడు. మా ఆయనైతే ఏకంగా ఏరు కలిసే చోట పెట్టాడు. అక్కడ పీతలు కూడా ఉండవు!

"అయితే సముద్రం లోపలికి ఎవరూ వెళ్లరన్నమాట. అదంతా లీజుకిచ్చేయొచ్చు" అంది ఆఫీసరమ్మ సంతోషంగా.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చమురు తోడే రిగ్గు వచ్చిందంటే దాని చుట్టుపక్కలకు పడవను రానివ్వరు. ఆ చోటు పోతే మేం తినేదేమిటి? నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, ఇప్పుడైనా నోరు విప్పుతావా, రేపట్నుంచి ఆ బురదలోనే గాలం వేస్తావా?" అని మోచేత్తో పొడిచాను.

లేచాడు పాపం. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, మ్యాపు మీద ఎక్కడో దూరాన వేలు పెట్టాడు. "ఇందాక చెప్పింది అబద్ధమమ్మా. నాది ఇదీ. మా నాన్న చూపించాడు." నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వెనక బెంచీలోంచి ఉల్రిక్ లేచాడు. చిన్నప్పట్నుంచీ మా ఆయనకి పోటీ వాడే. ఎగతాళి చేస్తాడనుకున్నా. తిన్నగా వెళ్లి ఆ వేలి పక్కనే తన వేలు పెట్టాడు.

"నాది ఇక్కడ. నువ్వు ఇంటికి పోయేదాకా దూరంగా నక్కి, ఆ తర్వాత గాలం వేసుకుంటున్నాన్రా ఇన్నేళ్లూ!"

"ఓరి దొంగ సచ్చినోడా!" అన్నాడు మా ఆయన. హాలంతా పగలబడి నవ్వింది. ఇంకేముంది, మిగతావాళ్లూ మ్యాపు మీదికి ఎగబడ్డారు.

చివరికి ఆ మూలంతా లీజులోంచి తీసేశారు. ఇప్పుడు వాళ్లిద్దరూ పక్కపక్కనే గాలాలు వేస్తున్నారు. చేపలు కాస్త తగ్గాయి. ఏమిటని అడిగితే, "ఉల్రిక్‌గాడు కబుర్లలో పెట్టి చంపుతున్నాడే" అంటాడు. అని ఊరుకుంటాడా, రేపటికి కొబ్బరి రొట్టెలు వాడికి కూడా కట్టమంటాడు, నవ్వీ నవ్వీ బొంగురుపోయిన గొంతుతో.