చెడ్డ గళ్లు, ఉత్త కాళ్లు

అమీర్‌పేట కంప్యూటర్ కోర్సులతో కిటకిటలాడుతున్న రోజులు. మర్నాడు మా అమ్మాయి ఎంసీఏ ప్రాజెక్టు ఇవ్వాలనగా కంప్యూటర్ మొరాయించింది. అక్కడి రిపేరు షాపుకు తీసుకెళ్లాను. దుమ్ము పడుతుందని చెప్పులు బయటే విప్పించారు.

"హార్డ్ డిస్క్ ఖరాబైంది సార్, కొత్తది కొనుర్రి" అన్నాడు మెకానిక్, పరీక్షించకుండానే! నాకు ఒళ్లు మండింది.

"ఇల్లు ఒకచోట కారితే కూల్చేస్తామా? లేవయ్యా!" అని నేనే కూర్చున్నాను. పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్న విద్య మరి! డిస్కంతా స్కాన్ చేస్తే, దాని భాగాలను చూపే తెరమీది గళ్లలో మూడే చెడ్డవి తేలాయి. వాటిని వాడొద్దని గుర్తు పెట్టించగానే ప్రాజెక్టు తెరుచుకుంది.

"మస్తు చేసిన్రు సార్!" అన్నాడు మెకానిక్.

సీపీయూ ఒళ్లో పెట్టుకుని ఆటోలో పంజాగుట్టలోని ఇంటికి చేరి, గుమ్మంలోనే గొప్పలు మొదలెట్టాను.

"డిస్కులో లోపం కనిపెట్టారు సరే, చెప్పులేవండీ?" అంది మా ఆవిడ.

'పోయింది, కొత్తది కొనండి' అంటే ఇప్పటికీ నాకు కోపమే. కాకపోతే, ముందు కాళ్లకేసి చూసుకుని మరీ కోప్పడతాను.