మూడో ఆల్టర్నేటరు

2017 జూన్‌లో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా విజయనగరంలోని మా శాఖ వాహనాల వర్క్‌షాపుకు బదిలీ చేశారు. ఎలక్ట్రికల్ విభాగం నాది. ఆ ఏడు నవంబరులో ఒక పాత లారీ నా ముందుకు వచ్చింది. భావనపాడు తీరానికి పైపులు, సిమెంటు మోసే బండి. దసరా తరువాత దాని బ్యాటరీల్లో ఛార్జి నిలవడం మానేసింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను కదిలేది కాదు. బ్యాటరీలు మార్చారు. ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీలను నింపే ఆల్టర్నేటరును రెండుసార్లు మార్చారు. మూడోదీ అదే దారి పట్టడంతో, డ్రైవరు అప్పన్న లైట్లు ఆర్పకుండా వదిలేస్తున్నాడని పై అధికారి తేల్చారు. ఆ మాట నిజమని నేను సంతకం చేస్తే అతని సస్పెన్షన్ ఖాయం. కొలవనిదే సంతకం పెట్టనన్నాను. సోమవారం దాకా గడువిచ్చారు.

శనివారం లారీని షెడ్డులో పెట్టించాను. ఫోర్‌మన్ సింహాచలం, అప్పన్న వరసకు బావామరుదులు. ఆ వరస కొట్లాటకే తప్ప సాయానికి పనికొచ్చేది కాదు.

"మీటరు ఇరవై ఎనిమిది సూపిస్తన్నాది మేడమ్. ఇంకేటి కావాల? ఈడికి లైటు ఆపడం సేతకాదు," అన్నాడు సింహాచలం.

"ఒరే బావా, ఆపడానికి ముందు అది ఎలగాలి గదేటి! మిణుగురు పురుగు నయం," అన్నాడు అప్పన్న. తరువాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నాను ఆపీసే దిగుతానమ్మా. పైడితల్లమ్మ మీదొట్టు."

ఒట్టును కొలిచే మీటరు లేదు కాబట్టి బ్యాటరీల దగ్గర మొదలుపెట్టాను. పూర్తిగా నింపి, తీగలు విప్పి ఉంచితే మర్నాటికీ తగ్గలేదు. బ్యాటరీలు మంచివే. మళ్లీ బిగించి, అన్ని స్విచ్చులూ ఆపి చూస్తే ఎక్కడా కరెంటు కారడం లేదు.

ఇంజను నడిపించి, లైట్లు వేయించాను. సింహాచలం మీటరు నల్ల తీగను ఎక్కడ ఆనిస్తున్నాడో అప్పుడు గమనించాను. ఆల్టర్నేటరు ఒంటి మీదే. అక్కడ ఇరవై ఎనిమిది వోల్టులు నిజమే. అదే మీటరును బ్యాటరీల కొనలకు పెడితే ఇరవై ఐదున్నర. ఇరవై నాలుగు వోల్టుల బండిలో బ్యాటరీలు నిండడానికి అది చాలదు. పుట్టిన కరెంటు పూర్తిగా అందడం లేదు.

వెళ్లే తీగలో నష్టం దాదాపు లేదు. మిగిలింది తిరుగుదారి. లారీలో కరెంటు తిరిగి వచ్చేది బండి ఇనుము గుండానే. దాన్నే ఎర్త్ అంటాం. ఆల్టర్నేటరు ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. రెండు వోల్టులు దాటింది. లావుపాటి కేబులుతో ఆ రెంటినీ నేరుగా కలిపించాను. హెడ్‌లైట్ల వెలుతురుకి షెడ్డు గోడ తెల్లబడింది.

"సూడరా బావా నా లైటు! ఇప్పుడాపీమంటావేటి?" అని అరిచాడు అప్పన్న.

ఆల్టర్నేటరు విప్పించాను. అది కూర్చునే బ్రాకెట్టు, బోల్టు రంధ్రాల లోపలి దాకా, ఎర్ర రంగుతో నున్నగా మెరుస్తోంది. ఆయుధపూజకని సింహాచలం ప్రతి భాగమూ విప్పి స్వయంగా వేసిన రంగు.

"పూజ బండి గదా, ఈసమెత్తు ఒదల్లేదు మేడమ్," అన్నాడు మెల్లగా.

మూడు ఆల్టర్నేటర్లూ ఆ రంగు మీదే కూర్చున్నాయి. రంగు కరెంటును పోనివ్వదు. ఎమెరీ కాగితంతో ఇనుము తేలేదాకా సింహాచలమే గీకాడు. బిగించాక బ్యాటరీల దగ్గర ఇరవై ఏడు పాయింట్ ఎనిమిది చూపింది. తప్పు బ్రాకెట్టు రంగుది, డ్రైవరుది కాదని రాసి సంతకం చేశాను. సోమవారం లారీని భావనపాడు తీసుకెళ్లింది అప్పన్నే.

మరుసటి దసరాకు సింహాచలం రంగు డబ్బాతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ బ్రాకెట్టుకి బొట్టయినా ఎట్టొచ్చా మేడమ్?" బయటివైపు పెట్టమన్నాను.

కరెంటును పుట్టిన చోట కాదు, అందాల్సిన చోట కొలవాలి. ఆ కొలత తీసుకోకముందే మేము ఒక మనిషిని దోషిని చేయబోయాం.