గడప వైపు వేసిన ఆకు

వేడి అన్నం పడగానే అరటాకు నుంచి ఒక వాసన లేస్తుంది. పూర్తిగా పచ్చి వాసన కాదు, ఉడికిన వాసనా కాదు. మొన్న ఆడి శుక్రవారం, అంటే తమిళుల ఆషాఢంలో, తమిళనాట ధర్మపురిలో మా వంటింట్లో ఆ వాసన తగలగానే రుక్మిణక్క గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే నాకు సంతోషమూ కలుగుతుంది, తికమకా పుడుతుంది. నా చిన్నప్పుడు ఇలాంటి శుక్రవారమే ఆమె మా పుట్టింటికి కావాలని వచ్చిందా, ఊరికే వచ్చిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఎనభైల మొదట్లో ఆమె మా పుట్టింటి పక్క వాటాలో అద్దెకు దిగింది. హోసూరు మనిషి. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కూర్చుని ఊరందరి ట్రంకాల్స్ కలిపేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా అమ్మకే లేకపోయింది, ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా! హోసూరులో తెలుగు బడిలో చదివింది కాబట్టి ఆమె దగ్గర తెలుగు పుస్తకాలు ఉండేవి. మా ఇంట్లో పొద్దస్తమానం తెలుగే వాగేవాళ్ళం గానీ అక్షరం ఒక్కరికీ రాదు. తమిళ బడిలో చదువుతున్న నన్ను కూర్చోబెట్టి ఆమె అక్షరాలు నేర్పింది, తర్వాత పుస్తకాలు ఇవ్వసాగింది. ఎవరో కాలినడకన కాశీకి పోయివచ్చిన సంగతి, ఒకామె తన పుట్టింటి గురించీ అత్తింటి గురించీ రాసుకున్న సంగతి, అన్నీ అలాంటివే. ఒక్కదాంట్లోనూ రాజకుమారి లేదు. మొదట్లో నాకు విసుగే పుట్టింది.

"ఊరికే ఇయ్యను మే. తిరిగిచ్చేటప్పుడు మీ ఇంటి సంగతి ఒకటి చెప్పల్ల. అప్పుడే ఇంకో పుస్తకం," అనేది.

"మా ఇంట్లో ఏముందక్కా? అంగడి, వంట, మళ్ళా అంగడి."

"ఇది రాసినామె ఇంట్లో మాత్రం ఏముండె? పోయి చూసుకో పో."

కాశీ పుస్తకం మొదటి భాగం ముగిసేసరికి యాత్రికుడు నది ఒడ్డున జ్వరంతో పడి ఉన్నాడు. రెండో భాగం అక్క పెట్టెలో ఉంది. చెప్పడానికి ఏమీ దొరక్క నోటికొచ్చింది చెప్పేశాను. ఆడి నెలలో ఇంటి దేవరకు చేసుకునే శుక్రవారం మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, ఒక ఆకు ఎక్కువ వేస్తుంది. అందరి ఆకులూ గోడ వారగా, అదొక్కటి గడప వైపు. అన్నీ వడ్డిస్తుంది, ఎవరూ కూర్చోరు. అందరూ తిన్నాక అది ఆవుకు పోతుంది.

తల దువ్వుకుంటున్న అక్క ఆగిపోయింది. "ఎవరికి మే ఆ ఆకు?"

"తెలీదు."

"అడిగి రా. అంతవరకూ నీ కాశీ ఆయనకు జ్వరం తగ్గదు."

అవ్వను అడిగాను. మనవాళ్ళు ఏరు దాటి ఈ సీమకు వచ్చేటప్పుడు పెద్దాయన ఒకడు వెనకబడినాడు, ఆయనకని అంది. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ అడిగితే, దారిలో తప్పిపోయిన ఆడబిడ్డకని అంది. ఇంకోసారి అడిగేసరికి కసురుకుంది. "మా అత్త ఏసె, నేనూ ఏస్తాండా. ఎవురైతే ఏమి? నేను కన్ను మూసేలోగా ఒక్కరన్నా కూచుని దాన్ని ఎంగిలి చేస్తే చాలు."

పక్కనే ఉన్న నాయన భయపడ్డాడు. "అట్ల అనొద్దమ్మా. ఇంకొకరు కూచుంటే, రావాల్సినోళ్ళకు దారి మూసినట్టే కదా."

ఆ గందరగోళమంతా మోసుకెళ్ళి అక్క ముందు పెట్టాను. ఏది నిజమని అడిగాను.

"అన్నీ పెట్టుకో. మీ అవ్వే తేల్చలేదు, తేల్చేదానికి నువ్వెవరు?" అని నవ్వి, పెట్టెలోంచి రెండో భాగం తీసి ఇచ్చింది. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి మాత్రం, "ఏ శుక్రవారం?" అని అడిగింది. చెప్పాను.

ఆ శుక్రవారం మేమంతా ఆకుల ముందు కూర్చున్నాం. అవ్వ గడప వైపు ఆకులో పాయసం పోసి నడుం ఎత్తుతోంది. చెప్పుల చప్పుడైంది. చూస్తే రుక్మిణక్క, చేతిలో ఏదో పుస్తకం. మమ్మల్ని చూసి, "పాపకిద్దామని వచ్చినా, మళ్ళా వస్తాలే," అని వెనక్కి తిరగబోయింది.

"యాడికి పోతావు? రా, కూచో," అని అవ్వ ఆ ఆకే చూపించింది.

నాయన లేచి నిలబడ్డాడు. చిన్నాయన, "అమ్మా, ఆమె మనవాళ్ళు కాదు కదా," అన్నాడు. రావాల్సినవాళ్ళకు దారి మూసుకుపోతుందని నాకు ఒక భయం, అందరి ముందూ అక్కను పొమ్మంటారని ఇంకో భయం. ఏది ఎక్కువో తెలియలేదు.

"ఇన్నాళ్ళూ మనవాళ్ళకే ఏసినాము. ఒక్కరన్నా వచ్చినారా?" అంది అవ్వ.

అక్క నా వైపు ఒకసారి చూసింది. అది క్షమించమనడమో, చూశావా అనడమో నాకు అర్థం కాలేదు. వచ్చి కూర్చుని మెతుకు మిగల్చకుండా తింది. పాయసం అడిగి మళ్ళీ పోయించుకుంది. ఆమె ఆకు మడవబోతే అవ్వ వద్దని, తానే వంగి ఆ ఎంగిలాకును రెండు చేతులా ఎత్తింది. పెరట్లోకి పోతూ కళ్ళు తుడుచుకుంది. ఆ వేళ ఆవుకు ఏమీ మిగల్లేదు.

"కావాలనే వచ్చినావా అక్కా?" అని మర్నాడు అడిగాను.

"ఆకలైంది మే," అంది. అంతే.

మరుసటి ఆడికి అవ్వ లేదు. అక్కకు బదిలీ అయిపోయింది, ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. అమ్మ ఆకు పట్టుకుని నడింట్లో నిలబడిపోయింది, "వేయల్లా, వద్దా?" అంటూ.

"వచ్చి తినిపోయినారు కదా. ఇంకెవరికి?" అన్నాడు నాయన.

"తినిపోయినోళ్ళకు మళ్ళా ఆకలి కాదా నాయనా?" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో! నాయన నన్ను వింతగా చూసి, అమ్మ చేతిలో ఆకు తీసుకుని తనే గడప వైపు పరిచాడు.

ఇప్పుడు మా తమ్ముడి ఇంట్లో అది మానేశారు. ఆడపిల్లనైన నేను అత్తింట్లో వేస్తున్నాను. "మీ ఇంటి ఆకు మా గడపకు ఎందుకే?" అని మా ఆయన మొదట్లో ఏడిపించేవాడు. అది న్యాయమైన ప్రశ్నే. మొన్న కోడలు అడిగింది, "ఎవరికత్తా ఇది?" అని. వెనకబడిన పెద్దాయనకన్నాను. కాదేమో, తప్పిపోయిన బిడ్డకన్నాను. చివరికి రుక్మిణక్కకు అన్నాను.

"ఆమె ఎవరత్తా?"

చెబుదామని నోరు తెరిచాను. గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. ఎవరో చూడకముందే నా చెయ్యి గరిటె మీదికి పోయింది.