నాన్న ఎన్నిసార్లు పలికాడు

ప్రాక్టికల్ ఫైల్లో పట్టికలు మరీ నున్నగా ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. మా పన్నెండో తరగతి పిల్లలు సైకాలజీ ప్రయోగాలు ఇళ్లలో చేసుకొస్తారు. అనుకున్న ఫలితమే అచ్చంగా వచ్చిందని ఎవరైనా రాస్తే, రఫ్ పుస్తకం తెమ్మంటాను. మేడమ్‌కి అనుమానం జబ్బని వాళ్లు వెనక హిందీలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ జబ్బు నాకెలా అంటుకుందో వాళ్లకేం తెలుసు.

నేను పన్నెండు చదివే రోజుల్లో మేం ఈ ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లోనే సెక్టర్ సెవెన్ క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న ప్లాంటులో ఓవర్‌హెడ్ క్రేను నడిపేవాడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అంతెత్తున క్యాబిన్లో కూర్చుని, కింద లోడు కట్టే ఖలాసీల విజిల్నీ చేతి సైగల్నీ బట్టి టన్నుల ఇనుము దించుతానని ఆయనకు గర్వం. ఆ ఖలాసీల్లో ఒకడు మా పక్క క్వార్టర్ భయ్యా. రోజూ నాన్న స్కూటర్ వెనక కూర్చునే డ్యూటీకి వెళ్లేవాడు.

నా ప్రయోగం చాలా తేలిక. టీవీ మోగుతుంటే మనిషి పిలుపుకు తక్కువసార్లు పలుకుతాడా అన్నది చూడాలి. నాన్నకు ముందుగా చెప్పకుండా, ఆయన వెనక వంటింటి గుమ్మంలో నిలబడి, టీవీ ఉన్నప్పుడు పదిసార్లు, లేనప్పుడు పదిసార్లు, ఒకే గొంతుతో పిలిచాను. టీవీ ఉన్నప్పుడు మూడుసార్లు పలికాడు. లేనప్పుడూ మూడే.

ప్రయోగం చెడిందని విసుక్కున్నాను. "మీ నాన్నని పిలిస్తే సెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని అమ్మ నవ్వింది. ఏళ్లుగా అంటున్న మాటే అది. ఫలితం అర్థం కాకపోతే ఒక్కటంటే ఒక్కటే మార్చి చూడమని మా టీచరు చెప్పేది. సరేనని, టీవీ కట్టేసి, నాన్నకు ఎదురుగా నిలబడి అదే గొంతుతో పిలిచాను. పదికి పది. చివరికి గొంతు రానివ్వకుండా పెదాలు మాత్రం కదిపాను.

"ఏటే?" అన్నాడు నాన్న.

ఇన్నాళ్లూ ఆయన మా పెదాలు చూసి పలుకుతున్నాడన్నమాట.

చెవులు పోయాయని తెలిస్తే ఆయన్ని క్రేను మీంచి దించేస్తారు. తెలియకపోతే, ఆ క్రేను కింద భయ్యా ఉన్నాడు. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడాలో నేను తేల్చుకోలేదు. నిజం చెప్పాలంటే తేల్చుకోవడం ఇష్టం లేకపోయింది. ఫెయిర్ ఫైల్లో టీవీ ఉన్నప్పుడు ఆరు, లేనప్పుడు తొమ్మిది అని రాసేశాను.

ప్రయోగం అయ్యాక అందులో పాల్గొన్న మనిషికి సంగతంతా వివరించి, ఫలితం చూపించి, సంతకం తీసుకోవాలి. అది నియమం. నాన్నకు అంతా చెప్పి ఫైలు చేతికిచ్చాను. ఆయన తొమ్మిది మీద వేలు పెట్టాడు.

"ఇదేటి, తొమ్మిదిసార్లు పలికేనా?"

"పలికేవు నాన్నా."

నేను మాట్లాడినంతసేపూ నా పెదాలే చూశాడు. తరవాత సంతకం పెట్టి ఫైలు ఇచ్చేశాడు.

ఆ వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. పొద్దున్నే స్కూటర్ మీంచి భయ్యా చెయ్యి ఊపితే తిరిగి ఊపలేకపోయాను. ఎన్నోసార్లు నాన్న దగ్గరికెళ్లి నోరు తెరిచాను. ఆయన మొహం అటు తిప్పుకునేవాడు. అటు తిప్పుకున్న మనిషికి ఏం చెప్పినా వినపడదని ఇద్దరికీ తెలుసు.

ఎనిమిదో రోజు నాన్న షిఫ్టు మధ్యలో ఇంటికొచ్చేశాడు.

"క్రేను దిగిపోనాను. సాహెబుకి నానే సెప్పీసినాను."

ఏమైందని అమ్మ అడుగుతూనే ఉంది. ఆయన నావైపే చూస్తూ అన్నాడు, "నువ్వు తప్పు రాసినావు, నాను సంతకం ఎట్టీసినాను. మనిద్దరికీ సరిపోనాది. కిందున్నోడికి తెల్దు గదే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. బూట్లు విప్పి కుర్చీలో కూర్చుని, "అసల్దేదీ? తే" అన్నాడు. రఫ్ పుస్తకం తెచ్చిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, నేను గీసిన గీతలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడు.

"మూడేనా?" అన్నాడు. "సగమైనా ఇనపడతందనుకున్నాను."