అత్తగారు రాసిన నాలుగు కాగితాలు

మా అత్తగారు ట్రైఫీనా లిడ్గార్డ్ పోయి పదిహేనేళ్లు దాటింది. కోరన్ లోయలో ఆవిణ్ణి తలుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆవిడ కాచిన ప్లమ్ జామ్ గురించి చెబుతారు. చర్చిలో ఆవిడ గొంతు గురించి చెబుతారు. యాపిల్ కోతలప్పుడు మగవాళ్లతో సమానంగా నిచ్చెనెక్కేదని చెబుతారు. అవన్నీ నిజమే. ఆవిడ యాభై ఏళ్లు మోసిన సిగ్గు గురించి మాత్రం ఎవరికీ తెలియదు. చివరికి దాన్ని దించుకుందామని చూసింది. దించుకోనివ్వనిదాన్ని నేనే.

ఆవిడ పుట్టింటివాళ్లు గాడ్ వాళ్లు. తండ్రి సైలస్ గాడ్ తన డబ్బుతో ఇంగ్లండులో ఓడెక్కి టాస్మేనియా వచ్చినవాడు. ఆ మాట రోజుకొకసారైనా అనకపోతే ఆయనకి తిన్నది అరిగేది కాదట. మా ద్వీపంలో అప్పట్లో మనుషులు రెండే రకాలు. సొంతంగా వచ్చినవాళ్లు, అక్కడ శిక్ష పడి ఖైదీలుగా వచ్చినవాళ్లు. రెండో రకంవాళ్ల పిల్లలు మొదటి రకం అనిపించుకోవడానికి చెయ్యని పని లేదు.

అత్తగారి తల్లికి తండ్రి జేబెజ్ పాస్క్. ఇరవై ఏళ్లప్పుడు ద్వీపాంతర శిక్ష పడి వచ్చాడు. శిక్ష తీరాక అడవిలో చెట్లు కొట్టి ఇంటి కప్పులకీ కంచెలకీ పలకలు చీల్చి బతికాడు. భార్య పోయాక, వయసు మీదపడ్డాక, కూతురి పంచన చేరాడు. పంచన అంటే నిజంగా పంచనే. యాపిళ్లు నిలవచేసే కొట్టానికి వెనక గోడకి ఆనించి ఏటవాలు కప్పుతో ఒక చాపిడి దించి అందులో మంచం వేశారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లోకి వచ్చి కూతురి చేతి ముద్ద తినేవాడు. బయటివాళ్లు వస్తే కొట్టం దాటి రాకూడదు. ఎవరైనా చూసి అడిగితే పాత పనివాడని చెప్పాలి. ఇది ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి నేర్పని పాఠం. పిల్లలకి వాళ్లంతట వాళ్లకే వచ్చేసింది.

కానీ ట్రైఫీనాకి తాతంటే ప్రాణం. ఆయన పక్కన కూర్చుని పలకలు పేర్చేది. ఏ చెట్టు నిట్టనిలువునా చీలుతుందో, ఏది మెలితిరుగుతుందో బెరడు తట్టి చెప్పడం ఆయనే నేర్పాడు. ఆయన ఆమెని "ట్రైఫ్ పిల్లా" అని పిలిచేవాడు. ఆ పిలుపు ఇంకెవరికీ లేదు.

ఆమెకి పంతొమ్మిదేళ్లప్పుడు లిడ్గార్డ్ వాళ్లు చూడ్డానికి వచ్చారు. లోయలో పేరున్న కుటుంబం. సొంత రేవు, సొంత పడవలు, చర్చిలో ముందు వరస బల్ల. పెళ్లికొడుకు విల్‌ఫ్రెడ్ నెమ్మదైనవాడు. తల్లి మాత్రం ఎదటివాళ్ల గిన్నెల అడుగు కూడా తిప్పి చూసే మనిషి. మా వైపు జనవరి అంటే నడివేసవి ఎండ. వరండాలో తెల్ల గుడ్డ పరిచి టీ పెట్టారు.

అదే సమయానికి తాత మెట్లెక్కి వచ్చాడు. ఆ వేళ చుట్టాలు వస్తున్నారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే వాగు గట్టుకి వెళ్లి రాస్ప్‌బెర్రీలు కోసుకొచ్చాడు, మనవరాలికిష్టమని. ముళ్లకి చేతులు గీరుకుపోయి ఉన్నాయి. టోపీ నిండా పళ్లు.

"ఎవరీ ముసలాయన?" అని లిడ్గార్డ్ గారి భార్య అడిగింది.

తన తల్లి నోరు తెరిచేలోపే ట్రైఫీనా అనేసింది. "పాత పనివాడండీ. ఎక్కడికీ పోలేడని ఉంచుకున్నాం. కాస్త మతి తప్పింది కూడా."

మతి తప్పిందన్న మాట ఎవరూ నేర్పింది కాదు. అది తన సొంతం. నాకు ఈ సంగతంతా చెప్పినప్పుడు అత్తగారు ఆ ఒక్కచోటే ఆగిపోయింది. నా పేరు కుదించి పిలుస్తూ, "పనివాడన్నది మా అమ్మ మాట, విన్నీ. రెండోది నాది" అంది.

ముసలాయన ఒక్క క్షణం కూడా తడబడలేదట. తల వంచి, "అవునమ్మగారూ. ఇవి ఎక్కడ పెట్టమంటారు?" అని మనవరాలినే అడిగాడు. ఆమె వంటింటివైపు వేలు చూపించింది.

ఆ రోజు నుంచి ఆయన వంటింట్లోకి రాలేదు. తిండీ నీళ్లూ అన్నీ చాపిడి దగ్గరికే. ట్రైఫీనా వెళ్లి పక్కన కూర్చుంటే లేచి నిలబడేవాడు. "చిన్నమ్మగారూ" అనేవాడు, చుట్టూ ఎవరూ లేకపోయినా. మొదట ఎత్తిపొడుపనుకుంది. "తాతా, ఇంక చాలు" అని ఏడ్చింది కూడా. ఆయన మాత్రం మెల్లగా, "అలవాటు తప్పితే నలుగురిలో నోరు జారతానమ్మా. నీ పెళ్లి అయిపోనీ" అన్నాడు. అది కోపం కాదు, సాయం. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు తీరేది.

పెళ్లయింది. పదకొండు నెలలకి జేబెజ్ పాస్క్ పోయాడు. కబురు తెచ్చిన బండివాడు లిడ్గార్డ్ వాళ్ల గుమ్మంలో నిలబడి, గాడ్ వాళ్ల ముసలి పనివాడు పోయాడని చెప్పాడు. కొత్త అత్తగారు పుల్లవిరుపుగా ఏమీ అనలేదు. "పాపం, చాలాకాలం చేసినట్టున్నాడు. ఒక పూలచక్రం పంపించు, వెళ్లక్కర్లేదు" అంది. ట్రైఫీనా పూలచక్రం పంపించింది. వెళ్లలేదు. సమాధి దగ్గర కొయ్య పలక మీద పేరు రాసి పాతారట, పదేళ్లకి అదీ పుచ్చిపోయింది.

ఆయన చేసిన నేరమేమిటో అప్పటికి ఆమెకి తెలియదు. అడగలేదు. దొంగతనమో, ఇంకా ఘోరమో అనుకుని అడగడానికి భయపడింది. చాలా ఏళ్ల తర్వాత తల్లి మంచం పట్టి, పోయేముందు చెప్పింది. ఇంగ్లండులో విల్ట్‌షైర్ జిల్లాలో ఒక పల్లె. చలికాలం చేతి నూర్పిడి పని మీద బతికే కూలీలు. రైతులు నూర్పిడి యంత్రాలు తెచ్చేసరికి ఆ నాలుగు నెలల తిండి పోయింది. ఊరి కుర్రాళ్లు కలిసి ఒక యంత్రాన్ని సమ్మెటలతో బద్దలు కొట్టారు. అందులో జేబెజ్ ఒకడు. మనిషి మీద చెయ్యి వేసింది లేదు, గింజ ముట్టింది లేదు. అయినా శిక్ష వేసి ఖైదీల బండి ఎక్కిస్తే, జేబెజ్ తల్లి ఊరి పొలిమేర దాకా బండి వెనక పరిగెత్తిందట.

ఇదంతా తెలిశాక అత్తగారి సిగ్గు తగ్గలేదు, రెట్టింపైంది. అయినా నోరు విప్పలేదు. మామగారికే చెప్పలేదు.

లోయలో తొలి కాపురాలు పడి వందేళ్లయిన సందర్భానికి ఒక పుస్తకం వెయ్యాలనుకున్నారు. టెల్ఫర్ మాస్టారు, బడి ఉద్యోగం విరమించినాయన, ఇంటింటికీ తిరిగి తొలి కుటుంబాల చరిత్ర పోగుచేశాడు. ప్రతి ఇంటివాళ్లూ తమ సంగతి తామే రాసివ్వాలి. ఇచ్చారు కూడా. అందరి తాతలూ మర్యాదస్తులు, అందరి ఓడలూ మంచి ఓడలు. వాళ్లకి ముందు ఈ లోయలో పొగ లేచే పొయ్యే లేనట్టు మొదలైంది ఆ పుస్తకం. ఈ ద్వీపపు ఆదివాసుల పొయ్యిలు ఉండేవని ముసలివాళ్లందరికీ తెలుసు. ఆ పొయ్యిల సంగతి మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

అత్తగారికి అప్పుడు డెబ్బైకి ఒక ఏడాది తక్కువ. కళ్లకి శుక్లాలు దిగుతున్నాయి. వారం రోజులు భూతద్దం పట్టుకుని కూర్చుని నాలుగు కాగితాలు రాసింది. పెద్దపెద్ద అక్షరాలు, వరసలు కిందికి జారిపోతూ. ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి, బఠానీలు ఒలుస్తూ, పైన నేను చెప్పిందంతా చెప్పింది. తర్వాత కాగితాలు నా చేతిలో పెట్టింది.

"మాస్టారి చేతికే ఇవ్వు. హ్యూబర్ట్‌కి చూపించకు. నా కొడుకే గానీ వాడు మా నాన్న పోలిక."

హ్యూబర్ట్ మా ఆయన. అప్పుడు ఊరి కౌన్సిల్లో పెద్ద. నేను సరేనన్నాను. కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరాను. వంతెన దాకా వెళ్లి, రాతిగోడ మీద కూర్చుని చదివాను. బాగా రాసింది. ఏడుపు లేదు, సమర్థింపు లేదు. "నేను ఆయన్ని పనివాడన్నాను. ఆయన మా తాత. ఇది అచ్చులో పడాలని కోరుతున్నాను" అని చివర సంతకం.

ఆ నెలలోనే మా అమ్మాయి ఎల్స్‌పెత్‌కి హోబార్ట్‌లో డాక్టరుగారి ఇంట్లో సంబంధం మాట్లాడుతున్నాం. నాకు ఆ సంబంధం మీద ఆశ. డాక్టరుగారి భార్య ఈ పుస్తకం తెప్పించుకుని లిడ్గార్డ్ పేజీ తిప్పి చూస్తుందన్నది కళ్లకి కట్టింది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ ఒక మాట అడగను కూడా లేదు. వెనక్కి తిరిగి, వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చి, పొయ్యి మూత తీసి నాలుగు కాగితాలూ అందులో పెట్టాను. పక్క గదిలో ఆవిడ పాడుకుంటోంది.

అరపేజీ నేనే రాశాను. సైలస్ గాడ్ సొంతంగా వచ్చినవాడనీ, ఆయన భార్య ఓడలవాళ్ల కుటుంబంలో పుట్టిందనీ. సాయంత్రం అది మాస్టారికి ఇచ్చాను. ఆయన చదివి, నావైపు చూసి, ఫైల్లో పెట్టుకున్నాడు. రాత్రి హ్యూబర్ట్‌కి చెప్పాను. తిడతాడని కొంచెం ఆశ ఉండేది. "మంచి పని చేశావు" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఎనిమిది నెలలకి పుస్తకం వచ్చింది, నీలం అట్ట. అప్పటికి అత్తగారికి అచ్చు అక్షరాలు కనపడటం లేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని తడిమి, నాకిచ్చింది.

"మా పేజీ తీసి చదువమ్మా."

నేనేం చెయ్యాలి? పేజీ తీశాను. నేను రాసిన అబద్ధం కళ్లముందుంది. నోటితో మాత్రం ఆవిడ రాసిన నిజాన్ని గుర్తున్నంతవరకు చదివాను. జేబెజ్ పాస్క్ అని, యంత్రమని, పలకలని, వరండా అని, పళ్లని. ఆవిడ కళ్లు మూసుకుని వింది. ముడుచుకున్న చేతులు మెల్లగా విచ్చుకున్నాయి. "వేశాడన్నమాట మాస్టారు" అంది. అంత తేలికైన మొహం ఆవిడది నేనెప్పుడూ చూడలేదు. తప్పు చేసి మంచి పని చేశాననుకున్నాను.

కాసేపుండి, "ఇంకోసారి చదువు" అంది.

రెండోసారి చదివాను. అవే మాటలు ఎక్కడొస్తాయి? ముందు వచ్చింది వెనకైంది. ఒకచోట ఆగాను. ఆవిడ తల కొంచెం పక్కకి వాల్చి వింటోంది.

"తాత ఊరు ఏదని వేశాడు?"

ఆ పేరు నేను ఆ కాగితాల్లో రెండుచోట్ల చూశాను, ఒకసారి ఆవిడ నోట విన్నాను. ఎంత గింజుకున్నా రాలేదు. ఏదో ఒకటి చెప్పకపోతే దొరికిపోతానని, "విల్టన్ అని ఉందత్తయ్యా" అన్నాను.

ఆవిడ చెయ్యి చాచి పుస్తకం తీసుకుని మూసింది. "బాగా చదివావమ్మా. ఇంక చాల్లే, కళ్లు నొప్పెడతాయి" అంది.

అంతే. ఆ తర్వాత ఒక్క నిష్ఠూరం లేదు. ఎల్స్‌పెత్ పెళ్లికి గౌను అంచు కళ్లు కనపడకపోయినా తడుముకుంటూ కుట్టింది. రోజూ పొద్దున ఆవిడ జుట్టు దువ్వేది నేనే. రోజూ చెప్పేద్దామనుకునేదాన్ని. దువ్వెన చేతిలో ఉండగా నోటిదాకా వచ్చేది. ఆవిడ ఎదురుచూసేదని ఇప్పుడనిపిస్తుంది. మరుసటి జూలైలో, నడి చలికాలం, మంచు కురిసిన వారంలో పోయింది. నేను చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఒకసారి ఎల్స్‌పెత్ పిల్లలతో వచ్చి ఆ నీలం పుస్తకం తిరగేస్తూ, నాన్నమ్మ పేజీ ఇంత చిన్నదేమిటని అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక లేక అంతా చెప్పేశాను. దాని పెళ్లి కోసమే కాల్చానని కూడా చెప్పాను. అది నావైపు చూసిన చూపు మర్చిపోలేను.

"దీనికోసమా అమ్మా? నన్ను అడగాల్సింది. మా అత్తగారు పట్టించుకునేది కాదు. పట్టించుకుంటే ఆ ఇంటికి నేనెందుకు?"

మర్నాడే మాస్టారింటికి వెళ్లాను. ఎనభై దాటినా ఇంకా బల్ల ముందే కూర్చుంటున్నాడు. చేసింది చెప్పాను. ఆశ్చర్యపోలేదు. ద్వీపానికి వచ్చిన ఖైదీల పాత జాబితాలు ఎప్పుడో చూశాననీ, లోయలో సగం ఇళ్లు అలాంటివేననీ, ఎవరు రాసిచ్చింది వాళ్ల పేరునే వేశాననీ అన్నాడు. "నేనూ పిరికివాణ్ణే వినిఫ్రెడ్. కూర్చో, చెప్పు, రాస్తాను. లైబ్రరీ ప్రతిలో అంటిద్దాం" అన్నాడు.

చెప్పాను. ఆయన రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ లైబ్రరీ పుస్తకంలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. అది చూసి హ్యూబర్ట్ నాతో నెలన్నర మాట్లాడలేదు.

కానీ జేబెజ్ పాస్క్ పుట్టిన ఊరి దగ్గరికి వచ్చేసరికి మాస్టారు కలం ఎత్తి నా మొహంలోకి చూశాడు. పాత జాబితాలో జిల్లా పేరే ఉందట, ఊరు లేదు. నేను కళ్లు మూసుకున్నాను. జారిపోతున్న వరసలు కనిపించాయి, కాగితం మడత కనిపించింది. పేరు కనిపించలేదు. ఇంగ్లండుకి మూడు ఉత్తరాలు రాశాను. పాస్క్ ఇంటిపేరువాళ్లు ఏడు పల్లెల్లో ఉన్నారని జవాబొచ్చింది. ఆ ఏడింట్లో ఏదో నాకు ఇంకా తెలియదు. మాస్టారు అక్కడ చుక్కలు పెట్టి వదిలేశాడు.