బోర్డు మీద మూడో వరుస

వాకాడు దాటాక రోడ్డు కనిపించలేదు. లారీ దిగి, మోకాలి లోతు నీళ్ళలో మూడు కిలోమీటర్లు నడిచాం. సాయంత్రం నాలుగుంబావుకు ఒడ్డున ఉన్న తుపాను షెల్టర్ చేరాం. పద్దెనిమిది మందిమి. రెండు రబ్బరు పడవలు, ఒక రేడియో సెట్టు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. గాలి తగ్గింది కానీ వాన తగ్గలేదు.

నేనప్పుడు సైన్యంలో నాయక్‌ని. మాది కొడవలూరు. పొలం గట్ల మీద పెరిగినవాణ్ణి, సముద్రం గురించి నాకు తెలిసింది చేపల పులుసు వరకే. దళంలో తెలుగు వచ్చింది నాకొక్కడికే. అందుకని జనంతో మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. కెప్టెన్ గారి మొదటి ఆర్డరు: "రేడియోలో విన్నది నేను చెప్పేదాకా బయటికి పోకూడదు."

మా రేడియో ఆపరేటర్ కొండ ప్రాంతం మనిషి. సరిహద్దులో మంచు పోస్టుల్లో ఉన్నప్పుడు ఆయనకొక అలవాటైంది. రోజూ ఉదయం ఆరున్నరకు రేడియోలో మాట్లాడటం అయిపోగానే మూడు వరుసలు రాయడం. ఒక విశేషం, ఒక కొత్త మాట, ఒక వింత వార్త. షెల్టర్ గోడకు నల్లబోర్డు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది ఆయనకి. ఆయన హిందీలో చెప్పేవాడు, కెప్టెన్ గారు సరేననేవారు, నేను తెలుగులో రాసి పైకి చదివేవాణ్ణి. ఫోన్లు లేవు, పేపర్లు రావు. అక్కడ తలదాచుకున్న ఊళ్ళవాళ్ళందరికీ ఆ బోర్డే దిక్కు.

అందరికంటే ముందు పోలమ్మ అనే జాలరి ఆమె వచ్చేది. తుపానుకు ముందు ఆమె భర్త ఇంకో ముగ్గురితో చేపల వేటకు వెళ్ళాడు. పసుపు రంగు బోటు. తిరిగి రాలేదు. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసినావన్నా ఈ పొద్దు?"

"సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని కడుపున మోసేది మగదేనంట అక్కా."

"ఆ మాట మా మొగోళ్ళకి చెప్పు, ఇంకోసారి నోరెత్తరు!" అని పకపకా నవ్వింది. రెండో వరుసలో ఆ రోజు మాట ఆటుపోట్లు. ఆపరేటర్ దాన్ని పలకలేక తిప్పలు పడుతుంటే ఆమే నేర్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మా ఆయన సంగతి ఏమన్నా ఉండాదా?"

లేదన్నాను. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. అలా లేదని చెప్పడం నా వల్ల కావడం లేదు.

నాలుగో రోజు ఆరూ నలభైకి రేడియో పలికింది. దక్షిణాన ఒక పసుపు బోటు దొరికింది. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు.

"బోటు నంబరు ఇంకా రాలేదు. ఆగు," అన్నాడు ఆపరేటర్.

కెప్టెన్ గారు పడవతో బయటికెళ్ళి ఉన్నారు. నేను ఆగలేదు. మూడో వరుసలో రాసేశాను: "నలుగురితో పసుపు బోటు క్షేమం." ఆమెను పిలిచి చదివాను.

పోలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకోసారి చదవమంది. చదివాను. ముఖం కడుక్కుని, ఎవరిదో దువ్వెన అడిగి తల దువ్వుకుని, మెట్ల మీద దక్షిణం వైపు తిరిగి కూర్చుంది. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది ఆ పూట.

పదకొండూ నలభైకి నంబరు వచ్చింది. వేరే ఊరి బోటు, వేరే నలుగురు.

కెప్టెన్ గారు తిట్టలేదు. "నువ్వే వెళ్ళి చెప్పు," అన్నారు. తిట్టినా బాగుండేది.

"అక్కా, ఆ బోటు మీది కాదంట."

నావైపు చూసింది. కోపం లేదు. "బోర్డు మీద ఉండాది గదన్నా. నువ్వే గదా చదివినావు."

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరో రోజు ఒడ్డుకు పసుపు రంగు చెక్కలు కొట్టుకొచ్చాయి. వాటి మీది నంబరు పోలమ్మ వాళ్ళ బోటుదే. మనుషులు దొరకలేదు. మా పడవలు రెండు రోజులు వెతికాయి. తొమ్మిదో రోజు ఉదయం ఎనిమిదింటికి మాకు తిరుగు ఆర్డరు వచ్చింది.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చాక కూడా ఆ మూడు వరుసలు నన్ను వదల్లేదు. మా అమ్మాయి రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఒక విశేషం, ఒక మాట, ఒక వింత వార్త పంపుతుంది. మొదటి రెండూ చదువుతాను. మూడోది తెరవను. ఎందుకని అడిగితే కళ్ళజోడు సాకు చెబుతాను.

నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపించేది ఆ షెల్టర్‌లో ఐదో రోజు ఉదయం. ఆపరేటర్ తడిగుడ్డతో బోర్డు తుడుస్తున్నాడు. రెండు వరుసలు పోయాయి. అప్పుడు పోలమ్మ వచ్చి మూడో వరుస మీద అరచెయ్యి పెట్టింది.

"తుడవబాకన్నా. తప్పని నాకు తెలుసు. ఉండనీ."

ఆపరేటర్‌కి భాష రాదు. అయినా గుడ్డ దించేశాడు. మేం వెళ్ళేదాకా ఆ వరుస అలాగే ఉంది, నా చేతిరాతతో. ఆమె చెయ్యి తీసినప్పుడు అరచేతికి సుద్దపొడి అంటుకుంది. ఆమె దాన్ని చీరకు తుడుచుకోలేదు. పిడికిలి మూసుకుని వెళ్ళిపోయింది.